ఎదుగుడు బట్ట

ఈ ఉదయం దుకాణం షట్టరు ఎత్తీ ఎత్తకముందే ఒకావిడ కొడుకు చొక్కా పట్టుకుని వచ్చింది. బడులు తెరిచి ఎన్నాళ్ళో కాలేదు, పోయినేటి చొక్కా అప్పుడే పిల్లవాడి చంకల్లో పట్టేస్తోందట. పక్క కుట్లు విప్పి కాస్త వదులు చేయించమంది. తిరగేసి చూశాను. విప్పడానికి లోపల ఏమీ లేదు. కుట్టు దాటగానే బట్ట అయిపోయింది. మెడ దగ్గర మాత్రం ఆకు బొమ్మతో ఒక పచ్చ చీటీ కుట్టి ఉంది. ఏఐతో కత్తిరించిన బట్ట, ఒక్క ముక్క వృథా కాలేదు, భూమికి మేలు అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది. అదేమిటని అడిగితే చదివి చెప్పాను.

"భూమికి మేలైతే అయింది గనీ, మా పోరనికి చొక్కా ఎట్ల అక్కా?" అంది ఆవిడ.

ఆ స్కూలు ఇప్పుడు యూనిఫాం తనే అమ్ముకుంటుంది కాబట్టి మళ్ళీ అక్కడే కొత్తది కొనుక్కోమని చెప్పి పంపించాను. ఆవిడ వెళ్ళాక చాలాసేపు నాకు ఏ పని మీదా చెయ్యి ఆడలేదు. ఒళ్ళు మండిపోతోంది. చీటీ కుట్టినవాళ్ళ మీద కన్నా, నన్ను వదిలి పోయిన నా స్నేహితురాలి మీద ఎక్కువ మండింది. ఆమె ఉండి ఉంటే ఆ చొక్కా పట్టుకుని ఆ కంపెనీ గుమ్మంలో బైఠాయించేది. ఇలాంటివన్నీ నా నెత్తిన వదిలేసి చచ్చి కూర్చుంది.

పేరు రాయను. రాసినా మొయినాబాద్‌లో సగం మందికి తెలియదు, అక్కడ ఆమె అందరికీ మిషనమ్మే. చర్చి వెనక మిషన్ కాంపౌండులో పుట్టింది కాబట్టి ఆ పేరు వచ్చిందని పాతవాళ్ళు అంటారు. కోళ్ళ షెడ్డు కిరాయికి తీసుకుని కుట్టుమిషన్లు పెట్టింది కాబట్టి అని అందులో పనిచేసిన ఆడవాళ్ళు అంటారు. ఎప్పుడూ కంప్యూటరు మిషను ముందే ఉంటుంది కాబట్టి అని మా అమ్మ అనేది. ఏది నిజమని ఆమెనే అడిగితే మూడూ నిజమే అంది. నిజమే అన్నది ఆమె ఊతపదం. మనం ఎంత గట్టిగా తిట్టినా "నిజమే అక్కా" అని ఒప్పుకునేది, ఒప్పుకుని తాను అనుకున్నదే చేసేది. ఎదురు మాట్లాడేవాళ్ళ నోరు మూయించడం నాకు చేతనవును. నలభై ఏళ్ళుగా ఈ కౌంటరు వెనక చేస్తున్న పని అదే. ఒప్పుకునే మనిషిని ఏం చేయాలో మాత్రం ఆమె బతికి ఉన్నంత కాలం నాకు తెలియలేదు.

ఇంకో అలవాటు, కాలరు తిప్పి చూడటం. ఎదుటి మనిషి తెలిసినవాడా కాదా అని చూసేది కాదు. వెనక నుంచి వచ్చి, మెడ దగ్గర బట్టను రెండు వేళ్ళతో పట్టి తిప్పేది. లోపలి కుట్టు చూసి, చీటీ చదివి, బొటనవేలితో బట్టను రుద్ది, మళ్ళీ జాగ్రత్తగా సర్ది వదిలేది. ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో, ముందు వరసలో మోకరించి ఉన్న పెద్దాయన కాలరు తిప్పిందని వాళ్ళ చర్చిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన దేవుడే తాకాడనుకున్నాడట. నా దుకాణంలో మొదటిసారి అడుగుపెట్టిన రోజున నా జాకెట్టు మెడ తిప్పింది. ఏదో పురుగు పాకిందనుకుని నేను కెవ్వుమన్నాను. ఆమె మాత్రం తాపీగా, "మంచిగ కుట్టిండు అక్కా, లోపల బట్ట ఉంచిండు" అంది. మా పరిచయం అలా మొదలైంది.

చేవెళ్ల బజారులో మాది మా నాన్న పెట్టిన బట్టల దుకాణం. పండగల కన్నా మాకు బడులు తెరిచే రోజులే ముఖ్యం, యూనిఫాంల మీదే ఏడాదంతా గడవాలి. అయితే ఈ ప్రైవేటు స్కూళ్ళు ఉన్నట్టుండి గళ్ళ రంగు మార్చేస్తాయి. అప్పటికే కుట్టించి పెట్టుకున్నదంతా ఆ రోజుతో చచ్చిన సరుకు. మా అటక నిండా అదే ఉండేది. ఆ చొక్కాలు వేసుకోవాల్సిన పిల్లలు పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళు చేసుకుని, తమ పిల్లలను వెంటబెట్టుకుని దుకాణానికి వస్తున్నారు. చొక్కాలు మాత్రం ప్లాస్టిక్ కవర్లలో ఇంకా ఒకటో తరగతిలోనే ఉన్నాయి. ఆమె అటక కింద నిలబడి మెడ ఎత్తి చూసి, ఇవి ఎక్కడికి పోతాయని అడిగింది. ఎక్కడికీ పోవు, నా ఏడుపు కూడా అదేనన్నాను. నిజమే అంది.

తర్వాత తన సంగతి చెప్పింది. గచ్చిబౌలిలో పెద్ద జీతానికి ఏఐ పని చేసేదట. ఫోనులో జనం ఏ బట్ట దగ్గర వేలు ఆపుతారో కనిపెట్టి, వాళ్ళ చేత ఇంకో జత కొనిపించే ప్రోగ్రాంలు రాసేది. ఒక రోజు విసుగెత్తి మానేసింది. అదే తెలివిని ఇటు తిప్పితే ఏ ఊళ్ళో ఎంతమందికి ఏ సైజు కావాలో ముందే చెబుతుంది, అంతే కుట్టుకోవచ్చు, అటక మీదికి ఏమీ ఎక్కదు అంది. బట్ట మీద ముక్కలను ఎలా పేరిస్తే తక్కువ రాలుతుందో కూడా అదే చూసుకుంటుందట. తన ప్రోగ్రాంను ఆమె పోరి అని పిలిచేది.

"ఈ పోరికి సొంత ఆలోచన లేదక్కా. ఏది అడిగితే గదే చేస్తది. అడిగెటోల్లే సక్కగ అడుగుతలేరు" అంది.

నాకు ఏఐ అంటే అప్పటికి మా మేనల్లుడి ఫోనులో పాటలు పాడే కోతి బొమ్మ మాత్రమే. అయినా అటక ఖాళీ అవుతుందన్న మాట చెవిన పడింది కాబట్టి సరే అన్నాను.

ఆమె వెనక స్కూటీ ఎక్కడం లాంటి నరకం ఇంకోటి లేదు. బట్ట కనిపిస్తే బండి ఆగాల్సిందే. అజీజ్‌నగర్ రిసార్టుల వెనక గోడ పక్కన, పెళ్ళి అయిన మర్నాడు పందిరి గుడ్డలు గుట్టలుగా పడేస్తారు. అక్కడి వాచ్‌మన్లందరూ ఆమెకు చుట్టాలే, ఎక్కడ ఏం పడిందో ఫోను చేసి చెప్పేవాళ్ళు. ఒకసారి నేను మా బంధువుల పెళ్ళికి పట్టుచీర కట్టుకుని ఆమె బండి ఎక్కి బయల్దేరాను. దారిలో ఆగి, గులాబీ రంగు గుడ్డల మూట ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అందులో బిర్యానీ మెతుకులున్నాయి. బతికున్న చీమలు కూడా ఉన్నాయి. పెళ్ళిలో కూర్చున్నంతసేపూ నేను గోక్కుంటూనే ఉన్నాను. మర్నాడు నాలుగు మాటలు దులిపేద్దామని మొయినాబాద్ షెడ్డుకు వెళితే, ఆ గులాబీ గుడ్డ అప్పటికే బడిసంచులకు లోపలి అస్తరుగా మారిపోయింది. చల్లారిన టీ గ్లాసు పక్కన పెట్టుకుని తెర వంక చూస్తోంది. ఆమె వేడి టీ తాగగా నేను ఎన్నడూ చూడలేదు. వాన పడితే ఆ షెడ్డు గోడల్లోంచి పాత కోళ్ళ వాసన లేచి కుట్టిన బట్టలకు పట్టేది. ఈ వాసన చూసి ఎవరు కొంటారే తల్లీ అని మొత్తుకునేదాన్ని. ఏమనేదో వేరే చెప్పక్కర్లేదు.

చేవెళ్లలోనే ఒక స్కూలు కరస్పాండెంటు, అంటే ఆ స్కూలు యజమాని, మా దగ్గరే యూనిఫాంలు తీసుకునేవాడు. ఆయనతో మాట్లాడి మొదటి ఏడు ఆ ఒక్క స్కూలుకు చేసి చూద్దామనుకున్నాం. పిల్లలను గోడ దగ్గర నిలబెట్టి ఫోనుతో ఫొటో తీస్తే చాలు, భుజం, చెయ్యి, నడుము అన్నీ పోరి కొలిచేసింది. టేపు పట్టాల్సిన పని లేకపోయింది. ముక్కలను ఎంత ఒద్దికగా పేర్చిందంటే కత్తిరించాక కింద ఊడ్చడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఒక్కో పిల్లవాడి పేరుతో కట్టలు కట్టి పంచాం. సరిగ్గా సరిపోయాయి. మా కొంప మునిగింది అక్కడే.

మా వైపు ఏ తల్లీ బిడ్డకు సరిపోయే చొక్కా కొనదు. చేతులు మునివేళ్ళ దాకా రావాలి, పాంటు కింద మడత మీద మడత ఉండాలి, నడుము దగ్గర పిన్నీసు పెట్టాలి. అప్పుడే అది మంచి చొక్కా. ఏళ్ళ తరబడి రావాలి, ఆ తర్వాత తమ్ముడికి రావాలి. మర్నాడు పొద్దున తల్లులందరూ దుకాణం మీద పడ్డారు. నా దుకాణంలో బిగువైందని గొడవలయ్యాయి, రంగు పోయిందని అయ్యాయి, సరిపోయిందని గొడవ అవడం అదే మొదలు.

"ఏందక్కా గిట్ల సరిగ్గ కుట్టినవ్? మా పోరడు ఎదుగడా?" అని ఒకావిడ చొక్కా తెచ్చి కౌంటరు మీద కొట్టింది.

నేను తల ఎత్తలేకపోతున్నాను. మిషనమ్మ మాత్రం వాళ్ళ మధ్యలోకి దూరి, ఎంత పొడుగు ఉండాలో చూపించమని ఒక్కొక్కరినీ అడుగుతోంది, వాళ్ళు చూపిస్తుంటే ఫొటోలు తీసుకుంటోంది. నిజమే అవ్వా, నిజమే చెల్లె అంటోంది. వాళ్ళు అలిసిపోయి వెళ్ళాక బట్టల తానుల మీద కూలబడి కాసేపు నవ్వింది. నాకు చెంప మీద ఒక్కటి ఇవ్వాలనిపించింది.

"పోరి తప్పు లేదక్కా. తక్కువ బట్టల కుట్టు అని అడిగిన, కుట్టింది. శాన దినాలు వచ్చెటట్టు కుట్టు అని అడగాలె. గది మర్చిన" అంది.

ఆ తర్వాత వచ్చిన మాటే ఎదుగుడు. తెర మీద చొక్కా ముక్కలు నీలంగా, వాటి మధ్య వృథా పోయే సందులు పసుపుగా కనబడేవి. ఆ పసుపు అంతటికీ ఎదుగుడు అని పేరు పెట్టింది. రాలిపోయే ఆ బట్టను ముక్కలతో పాటే కత్తిరించి పక్క కుట్లలో, చేతి మడతల్లో, పాంటు అంచుల్లో లోపల దాచమని పోరికి చెప్పింది. ఏ పిల్లవాడు ఏ వయసులో ఎంత సాగుతాడో పాత కొలతలను బట్టి అది అంచనా కట్టేది. పైకి చూస్తే చొక్కా ఒంటికి అమరినట్టే ఉంటుంది. విప్పితే లోపలి నుంచి బెత్తెడు బట్ట బయటికి వస్తుంది. బిడ్డ ఒంటి మీద చొక్కా వేలాడకుండానే తల్లికి ధీమా దొరికింది. మరుసటి ఏడు బడులు తెరిచే వేళకు తల్లులు కొత్తవి కొనడానికి కాకుండా పాతవి విప్పించడానికి వరస కట్టారు.

నా బేరాలు పడిపోయాయి. అది కూడా చెప్పుకోవాలి. నా కడుపు కొడుతున్నావని ఆమె ముఖం మీదే అన్నాను. నిజమే అంది. విప్పి కుట్టినందుకు కూలి తీసుకోమంది, మా అటక వైపు వేలు చూపించింది. అటక ఖాళీగా ఉంది, పాత సరుకంతా ఆమె ఎప్పుడో విప్పి బడిసంచులకు వాడేసింది. మా నాన్న కాలం నుంచి చూస్తున్నాను, ఆ చెక్కల రంగు ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. లాభనష్టాలు సరిచూసుకుంటే ఎటు వాలానో నాకే అర్థం కాలేదు కానీ, రాత్రి నిద్ర మాత్రం బాగా పట్టేది.

అలా సాగుతుండగా ఒక దసరా సెలవుల తర్వాత కరస్పాండెంటు మమ్మల్ని పిలిపించాడు. కుర్చీలు వేయించి, టీ తెప్పించి, చాలా సంతోషంగా ఫోను తీసి మా ముందు పెట్టాడు. కొత్త యూనిఫాం. నీలం గళ్ళు పోయి మెరూన్ గళ్ళు వచ్చాయి. వేసుకున్న పిల్లలు బొమ్మలో విదేశీ పిల్లల్లా ఉన్నారు.

"ఏఐతోనే చేయించినం మేడం. మీ లైనే గదా, మీరు ఖుష్ అయితరనుకున్న" అన్నాడు.

ఆ మాట విన్నాక ఆమె ముఖం ఎలా అయిందో నేను మరిచిపోలేను. ఎప్పుడూ నోట్లో ఉండే నిజమే ఆ రోజు బయటికి రాలేదు. వందలమంది పిల్లల చొక్కాల్లో ఇంకా విప్పని బట్ట ఉంది. రంగు మారితే అదంతా చెత్త. ఆ సంగతి మెల్లగా చెప్పింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. చెడ్డవాడేం కాదు, అడ్మిషన్ల సమయానికి స్కూలు కొత్తగా కనబడాలన్నదే ఆయన బాధ. పక్క స్కూలు మార్చింది, తాను మార్చకపోతే వెనకబడ్డట్టు ఉంటుందట. ఆమె కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఆయన కాలరు తిప్పింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"మీ టైలరు మంచోడు సార్. మీకు లోపల శాన బట్ట ఉంచిండు. మీరు ఇంక ఎదుగరు. ఎదిగెటోల్లకు లేకుంట చేస్తున్నరు" అంది.

ఆయన గట్టిగా నవ్వి, చూద్దాం మేడం అన్నాడు. మా వైపు కాదనడానికి వాడే మర్యాదైన మాట అది. నాకు ఆ క్షణమే అర్థమైంది. ఆమెకు అర్థం కాలేదో, అర్థమై కూడా ఒప్పుకోలేదో. పాత చొక్కానే కొత్త యూనిఫాంగా ఎలా మార్చవచ్చో పోరిని అడిగింది. కాలరు, జేబు, చేతి పట్టీ మెరూన్ గళ్ళ బట్టతో మారిస్తే చాలని అది బొమ్మ గీసి ఇచ్చింది. ఆమె కుట్టి తెచ్చింది. నిజం చెప్పాలంటే ఆయన చూపించిన బొమ్మ కన్నా ఇదే బాగుంది. ఆయన కూడా బాగుందన్నాడు. కానీ అతుకులేసినట్టు ఉంటుందేమోనని అనుమానపడ్డాడు. అతుకు కనబడకుండా ఇంకోటి కుట్టి తీసుకెళ్ళింది. ట్రస్టీలతో మాట్లాడి చెబుతానన్నాడు. సంక్రాంతి తర్వాత రమ్మన్నాడు, పరీక్షల తర్వాత రమ్మన్నాడు. ఆయన గది బయట బెంచీ మీద చొక్కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషిని అటుగా పోయిన ప్రతివాళ్ళూ చూశారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. నీకు వేరే పని లేదా, ఈ ఒక్క స్కూలు కాకపోతే ఇంకో స్కూలు చూసుకోమని బజారులో నిలబెట్టి కేకలేశాను.

"ఇంకో స్కూలు ఉంటదక్కా. ఈ చొక్కాలు ఈ పిల్లలవే గదా" అంది.

ఎండలు ముదరకముందే పోయింది. మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డులో కాలరు మారుస్తూ మారుస్తూ మిషను మీదికి వాలిపోయిందట. దవాఖానకు చేర్చేసరికే అయిపోయింది. యాభై కూడా నిండని మనిషి. వాళ్ళ తమ్ముడు మిషన్లు అమ్మేసి షెడ్డు ఖాళీ చేశాడు. పోరి ఆమె లాప్‌టాప్‌లో ఉండిపోయింది, దాన్ని తెరిచే మాట, ఆ పాస్‌వర్డు, ఎవరికీ చెప్పి పోలేదు. సమాధి దగ్గర పాటలు పాడుతుంటే అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఇంత పని నెత్తికెత్తుకున్న దానివి ఆ ఒక్క మాట ఎవరికైనా చెప్పాలని తెలియదా అని లోలోపల తిడుతూ నిలబడ్డాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు కరస్పాండెంటు ఫోను చేశాడు. గొంతు నిజంగానే బరువుగా ఉంది. మేడం స్కూలుకు చాలా చేశారని, ఆమె జ్ఞాపకార్థం ఒక ర్యాలీ పెడుతున్నామని చెప్పాడు. పిల్లలందరికీ టీషర్టులు కావాలట. ముందు ఆమె ఫొటో, వెనక భూమిని కాపాడుదాం అన్న మాటలు. సైజులు ఎలా అని అలవాటుగా అడిగాను.

"ఒక్క దినమే గదమ్మా, అందరికీ ఒకటే సైజు ఏయించున్రి" అన్నాడు.

టీషర్టులు వద్దు, ఆమె పేరు మీద ఆ పాత చొక్కాల కాలర్లు మార్చనివ్వండి, కూలి కూడా నాకొద్దు అన్నాను. నా జన్మలో ఏ గిరాకీతోనూ అలా బతిమాలుకోలేదు. మళ్ళీ అదే మాట, చూద్దాం అన్నాడు. నాలో ఏదో తెగింది. మీరు చూసేలోపు మనిషే పోయింది సార్, టీషర్టులు నేను ఇవ్వను అని ఫోను పెట్టేశాను. ఆయనకు కోపం కూడా రాలేదు. నగరంలో ఎవరితోనో చేయించుకున్నాడు. కొత్త యూనిఫాంలు కూడా అక్కడి నుంచే తెప్పించుకున్నాడు. పొద్దున ఆవిడ తెచ్చిన చొక్కా వాటిలోదే.

ర్యాలీ మా దుకాణం ముందు నుంచే వెళ్ళింది. చిన్నపిల్లలకు టీషర్టులు మోకాళ్ళ కిందికి జారి ఆమె ముఖం పొట్ట మీద ముడతలు పడింది. పదో తరగతి మగపిల్లల ఛాతీల మీద అదే ముఖం సాగిపోయి గుర్తు పట్టేలా లేదు. పిల్లలు నినాదాలు చేస్తూ, నన్ను చూసి చేతులు ఊపుతూ పోయారు. వాళ్ళ తప్పేం ఉంది. నేను కూడా చెయ్యి ఊపాను.

పోయిన వారం పని మీద మొయినాబాద్ వెళ్ళి, తిరుగు ప్రయాణంలో ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాను. చినుకులు పడి ఆగాయి. ఒక ఆటో అబ్బాయి ముందు అద్దం తుడుస్తున్నాడు. అతని చేతిలో గుడ్డ అటూ ఇటూ తిరుగుతుంటే అందులో ఆమె కళ్ళు కనబడ్డాయి, తర్వాత నవ్వు కనబడింది. దగ్గరికి వెళ్ళి, ఆ ఫొటోలో ఉన్నామె ఎవరో ఎరుకేనా తమ్మీ అని అడిగాను. అతను గుడ్డను విదిలించి, పరిచి, మర్యాదగా కాసేపు చూశాడు.

"ఎరుక లేదక్కా. మా బిడ్డకు బళ్లె ఇచ్చిండ్రు, ఒక్క దినం తొడిగింది. తుడుస్తందుకన్న పనికొస్తదనుకుంటే గిది నీళ్లే పీలుస్తలేదు" అన్నాడు.